చెయ్యి చెప్పే అబద్ధం

బ్యాటర్ ఒంట్లోని బలమంతా కూడగట్టుకుని బ్యాటు ఊపాడు. నడుం గిర్రున తిరిగింది. హెల్మెట్ జారింది. ఓ మోకాలు నేలకు ఆనినంత పనైంది. ఇంత హడావుడీ అయిపోయాక... అప్పుడొచ్చింది బంతి, తాపీగా! వచ్చి వెనకున్న క్యాచర్ చేతి తొడుగులో పడింది. గ్యాలరీలో నవ్వులు. బ్యాటర్ మాత్రం తన బ్యాటు వంక గుర్రుగా చూసుకుంటాడు, తప్పంతా దానిదే అన్నట్టు.

అమెరికా బేస్‌బాల్ మైదానాల్లో సీజన్ పొడవునా కనిపించే దృశ్యమిది. ఆ బంతి పేరు చేంజప్. పిచర్ అమ్ములపొదిలో ఉండే బాణాలన్నిటిలోకీ మెత్తనిది. కర్వ్‌బాల్‌లా వంపు తిరుగుతూ కనువిందు చేయదు. ఫాస్ట్‌బాల్‌లా స్పీడు చూపించే బోర్డు మీద పెద్ద అంకె వెలిగించదు. విడిగా చూస్తే అందులో ఏముందీ అనిపిస్తుంది. నిజమే, విడిగా చూస్తే ఏమీ లేదు. దాని ముందు ఏ బంతి పడింది, ఏ బంతి పడుతుందని బ్యాటర్ అనుకున్నాడు... ఆ రెండిటి మధ్యలోనే ఉంది తిరకాసంతా.

మనకు తెలిసిన ఆటలో చెప్పుకోవాలంటే ఇది ఫాస్ట్ బౌలర్ వేసే స్లో బాల్. 2018 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టు గుర్తుందా? లంచ్‌కి ముందు ఆఖరి బంతి. అంతవరకూ నిప్పులు చెరుగుతున్న బుమ్రాకు మిడాఫ్‌లో ఉన్న రోహిత్ శర్మ ఓ స్లో బాల్ వేసి చూడమని సలహా ఇచ్చాడు. అదే పరుగు, అదే చెయ్యి. షాన్ మార్ష్ బ్యాటు ముందే వచ్చేసింది, బంతి తర్వాత వచ్చి ప్యాడ్‌కి తగిలింది. ఎల్బీడబ్ల్యూ! కాకపోతే క్రికెట్లో బంతి నేలను తాకి లేస్తుంది. పిచ్ కొంత సాయం చేస్తుంది. బేస్‌బాల్‌లో ప్రతి బంతీ ఫుల్‌టాసే. అక్కడ మోసమంతా గాల్లోనే జరిగిపోవాలి, అదీ అరసెకనులోపే.

ఆ అరసెకను లెక్కేమిటో చూద్దాం. పిచర్ నిలబడే చోటుకీ బ్యాటర్ ముందుండే ప్లేటుకీ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. పిచర్ ఓ పెద్ద అడుగు ముందుకేసి విసురుతాడు కాబట్టి బంతి నిజంగా ప్రయాణించేది దాదాపు 55 అడుగులే. గంటకు 95 మైళ్ల వేగంతో, అంటే 153 కిలోమీటర్లతో విసిరిన ఫాస్ట్‌బాల్ సెకనులో పదింట నాలుగు వంతుల్లో ప్లేటు దగ్గర ఉంటుంది. బ్యాటు ఊపడానికే దాదాపు 0.15 సెకను కావాలి. ఇక మిగిలిందెంత? పావు సెకను. ఆ కాస్తలోనే బంతిని చూడాలి, అదేమిటో పోల్చుకోవాలి, కొట్టాలా వదిలేయాలా అన్నది తేల్చుకోవాలి. ఒకసారి నడుం తిరగడం మొదలైందా... ఆపడం దాదాపు అసాధ్యం.

ఇప్పుడు అదే పిచర్ 85 మైళ్ల వేగంతో చేంజప్ విసిరాడనుకోండి. అది సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా వస్తుంది, అంతే. వినడానికి ఎంత చిన్న తేడా! కానీ ఫాస్ట్‌బాల్ కోసం బ్యాటు ప్లేటు మీదికి వచ్చేసిన క్షణంలో ఈ బంతి ఇంకా ఐదారడుగుల దూరంలోనే ఉంటుంది. బ్యాటు సెకనులో వందో వంతు ముందో వెనకో తగిలితేనే మైదానం నడిమధ్యకు వెళ్లాల్సిన బంతి గీత అవతలకు పోతుంది. అలాంటిది ఇరవయ్యో వంతు తేడా అంటే ఇక తగలడమన్న మాటే ఉండదు. చాలక, చేంజప్ గాల్లో తక్కువ చుట్లు తిరుగుతుంది. ఫాస్ట్‌బాల్‌ను కాస్త పైకి మోసే ఆ వెనక్కి తిరిగే తిరుగుడు దీనికి తగ్గిపోయి, ప్లేటు దగ్గరకొచ్చేసరికి కిందికి జారుతుంది. తొందరపడిన బ్యాటు బంతి మీదుగా గాలిని కోసుకుంటూ వెళ్లిపోతుంది.

మరి ఇంతేసి జీతాలు తీసుకునే బ్యాటర్లకు కళ్లు లేవా అంటారా? బంతి మీంచి చూపు తిప్పకూడదని ప్రతి కోచ్ చెబుతాడు. అది జరిగే పని కాదని టెర్రీ బాహిల్, టామ్ లారిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లోనే తేల్చారు. వాళ్లు పరీక్షించిన ప్రొఫెషనల్ ఆటగాడి చూపు కూడా, ప్లేటుకు ఐదున్నర అడుగుల దూరం వరకే బంతిని వెంబడించగలిగింది. ఆ తర్వాత మనిషి కంటికి అందని వేగం అది. అంటే బ్యాటర్ బంతిని కొట్టడం లేదు, బంతి ఫలానా చోట ఉంటుందన్న తన అంచనాను కొడుతున్నాడు! ఆ అంచనా ఎలా తయారవుతుంది? అంతకుముందు పడిన బంతుల్ని బట్టి. రాబ్ గ్రే అనే మరో పరిశోధకుడు కాలేజీ ఆటగాళ్లను తెరముందు నిలబెట్టి కంప్యూటర్ బంతులు వేయించి చూశాడు. వరసగా మూడు వేగవంతమైన బంతులు పడ్డాక నెమ్మది బంతి వస్తే వాళ్ల టైమింగ్ చెల్లాచెదురైందని 2002లో రాశాడు. చేంజప్ వస్తుందేమోనని అనుమానం ఉన్నా లాభం లేదన్నమాట. నెమ్మది బంతి కోసం కాచుక్కూర్చుంటే ఫాస్ట్‌బాల్ ముక్కు పక్కనుంచి దూసుకుపోతుంది. అందుకే వేగానికే సిద్ధపడాలి. పిచర్‌కు కావాల్సిందీ అదే.

ఇక విసిరేవాడి సంగతి. ఫాస్ట్‌బాల్‌ను వేళ్ల చివర్లతో పట్టుకుంటారు, కొరడా కొసలా ఆఖరి తోపు వేళ్లదే. చేంజప్‌కు బంతిని లోపలికి, అరచేతి వైపు జరుపుతారు. ఎక్కువమంది పట్టేది 'సర్కిల్ చేంజ్'. బొటనవేలు, చూపుడువేలు కలిపి బంతి పక్కన సున్నాలా చుట్టి, మిగతా మూడు వేళ్లతో విసురుతారు. చెయ్యి ఎంత వేగంగా తిరిగినా ఆ బలమంతా బంతికి అందదు. దీన్ని పట్టుకోవడం ఓ పూటలో నేర్చుకోవచ్చు. కష్టమంతా ఇంకోచోట ఉంది. నెమ్మదిగా వెళ్లాల్సిన బంతిని ఒళ్లు దాచుకోకుండా, పూర్తి విసురుతో విసరాలి. చెయ్యి ఏమాత్రం నిదానించినా బ్యాటర్ పసిగట్టేస్తాడు, ఇక ఆ బంతిని పార్కింగ్ స్థలంలో వెతుక్కోవాల్సిందే. చెయ్యి నూటికి నూరుపాళ్లు అబద్ధం చెప్పాలి. తొంభై పాళ్లు చెబితే పనికిరాదు.

వెనిజులా నుంచి వచ్చిన యోహాన్ సాంటానాకు ఆ ధైర్యం చెప్పి చేయించాల్సి వచ్చింది. 2002లో మిన్నెసోటా ట్విన్స్ అతన్ని కింది స్థాయి జట్టు కోసం కెనడాలోని ఎడ్మంటన్‌కు పంపింది. అక్కడి పిచింగ్ కోచ్ బాబీ క్యుయెలర్ ఒకటే షరతు పెట్టాడు. ఎదురొచ్చిన ప్రతి బ్యాటర్‌కూ కనీసం ఒక్క చేంజప్ విసరాలి. పరిస్థితి ఏదైనా సరే! అలా భయం పోయింది. రెండేళ్లు తిరిగేసరికి 2004లో 265 మందిని స్ట్రయికౌట్ చేసి, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు సాంటానా. 2006లో మళ్లీ.

అసలు ఈ బంతి పుట్టి పెరగాల్సిన అవసరం ఎవరికైనా నిజంగా వచ్చిందంటే అది ట్రెవర్ హాఫ్‌మన్‌కే. ఆరు వారాల పసికందుగా ఉన్నప్పుడే అతనికి ఓ కిడ్నీ తీసేశారు. ఒంటికి దెబ్బలు తగిలే ఆటలు వద్దంటే బేస్‌బాల్ మిగిలింది. 1989లో సిన్సినాటి రెడ్స్ అతన్ని ఫీల్డర్‌గా, షార్ట్‌స్టాప్ స్థానానికి తీసుకుంది. బ్యాటింగ్ అబ్బలేదు. చేతిలో మాత్రం తుపాకీ ఉంది, 95 మైళ్ల విసురు. సరే, పిచర్‌గా మార్చారు. 1993లో శాండియాగో పాడ్రెస్ తన స్టార్ బ్యాటర్ గ్యారీ షెఫీల్డ్‌ను వదులుకుని ఇతన్ని తెచ్చుకుంటే అభిమానులు మండిపడ్డారు. ముక్కూమొహం తెలియని ఈ కుర్రాడి కోసమా అని!

1994 ఆగస్టులో ఆటగాళ్ల సమ్మె మొదలై సీజన్ అర్ధంతరంగా ఆగిపోయింది. ఖాళీగా ఉన్న హాఫ్‌మన్ సముద్రతీరంలో సరదాగా ఆడుతూ భుజం గాయపరచుకున్నాడు. తర్వాత ఆపరేషన్ కూడా తప్పలేదు. దేన్ని చూసి అతన్ని తీసుకున్నారో ఆ వేగం పోయింది. ఫాస్ట్‌బాల్ మీద బతికేవాడికి ఫాస్ట్‌బాల్ లేకపోతే ఇక చేసేదేముంటుంది? మూటాముల్లె సర్దుకోవాల్సిందే, చాలామంది సర్దుకున్నారు కూడా. హాఫ్‌మన్‌ను ఆదుకున్నది డానీ ఎలియట్ అనే సహచర పిచర్ చూపించిన చేంజప్ పట్టు. ఎలియట్ పెద్ద లీగ్‌లో ఎంతోకాలం ఆడలేదు. అతను చూపించిన పట్టు మాత్రం మరో పదిహేనేళ్లు ఆడింది.

బంతిని అరచేతిలోకి ఇరికించి, ఉన్న శక్తినంతా పెట్టి విసిరేవాడు హాఫ్‌మన్. 90 మైళ్లు కూడా దాటని అతని ఫాస్ట్‌బాల్‌కు భయపడాల్సింది ఏమీ లేదు. అయితే చేంజప్ అంతకంటే పది మైళ్లకు పైగా నెమ్మది. ఆ పక్కన పెట్టి చూస్తే పాత ఫాస్ట్‌బాలే మళ్లీ పదునుగా కనిపించేది. ఇక్కడే అందరూ ఆశ్చర్యపోయిన సంగతి తెలిసింది, కావాల్సింది వేగం ఎంత అన్నది కాదు, రెండు వేగాల మధ్య తేడా ఎంత అన్నది! జట్టు కొద్దిపాటి ఆధిక్యంలో ఉన్నప్పుడు చివర్లో వచ్చి, దాన్ని కాపాడి మ్యాచ్ ముగించిన పిచర్‌ ఖాతాలో ఓ 'సేవ్' పడుతుంది. 1998లో 54 అవకాశాల్లో 53 సేవ్‌లు అతనివి. ఆ ఏడే స్టేడియంలో గంటల మోతతో మొదలయ్యే 'హెల్స్ బెల్స్' పాట పెట్టి అతన్ని మైదానంలోకి పిలవడం మొదలైంది. గంటలు మోగాయంటే ప్రత్యర్థులకు సంగతి అర్థమైపోయేది. వచ్చేవాడెవరో తెలుసు, విసిరేదేమిటో తెలుసు. తెలిసీ ముందే ఊపేసేవారు.

అలాగని మంత్రమేమీ కాదు. అదే 1998 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌లో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, యాంకీస్ ఆటగాడు స్కాట్ బ్రోషియస్ హాఫ్‌మన్ బంతిని మూడు పరుగుల హోమ్ రన్‌గా మలిచాడు. పాడ్రెస్ ఆ సిరీస్‌లో ఒక్క మ్యాచూ గెలవలేదు. హాఫ్‌మన్ మాత్రం ఆగలేదు. 2007లో 500 సేవ్‌లు, 2010లో 600... రెండు మైలురాళ్లూ మొదట దాటింది అతనే. 601 దగ్గర ఆట ముగించాడు. ఆ రికార్డును 2011లో మారియానో రివెరా దాటేశాడు. 2018లో హాఫ్‌మన్‌కు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2014 నుంచి నేషనల్ లీగ్ ఉత్తమ రిలీవర్‌కు అతని పేరిటే అవార్డు ఇస్తున్నారు.

2020లో ఆ అవార్డు ఎవరికి వెళ్లిందో తెలుసా? చేంజప్‌నే నమ్ముకున్న డెవిన్ విలియమ్స్‌కు. మిల్వాకీ తరఫున 27 ఇన్నింగ్స్‌లో 53 మందిని స్ట్రయికౌట్ చేశాడు. మామూలు చేంజప్ తక్కువ తిరిగితే ఇతనిది బొంగరంలా తిరిగి, కుడిచేతి బ్యాటర్ మీదికి వంగుతూ జారిపోతుంది. దానికి 'ఎయిర్‌బెండర్' అని ముద్దుపేరు. 2024, 2025ల్లో వరసగా అమెరికన్ లీగ్ సై యంగ్ గెలిచిన డెట్రాయిట్ ఎడమచేతి పిచర్ తారిక్ స్కూబల్ చేతిలోనూ అసలు సరుకు ఇదే. అతని ఫాస్ట్‌బాల్ హాఫ్‌మన్‌ది కంటే ఎంతో వేగం. తేడా మాత్రం అదే పది మైళ్లు.

రాడార్ మీది అంకెల కోసం పిల్లలు భుజాలు, మోచేతులు పాడు చేసుకుంటున్న రోజులివి. ఫాస్ట్‌బాల్, కర్వ్‌బాల్, చేంజప్ విసిరే పిల్లల చేతుల మీద ఎంత భారం పడుతుందో కొలిచిన ఓ అధ్యయనం 2008లో వచ్చింది. అన్నిటికన్నా తక్కువ భారం చేంజప్‌దే. అందుకే అక్కడి కోచ్‌లు చాలామంది ఫాస్ట్‌బాల్ తర్వాత నేర్పే రెండో బంతి ఇదే కావాలంటారు. ఓ చిన్న చిక్కుంది. పదేళ్ల పిల్లాడి చేతికి బొటనవేలు, చూపుడువేలు కలిపి బంతి పక్కన సున్నా చుట్టడం కుదరదు, బంతి జారిపోతుంది. కాబట్టి ముందు బంతిపైన మూడు వేళ్లు పరచి పట్టుకోమంటారు. సున్నా సంగతి చెయ్యి పెరిగాక.