నిలవాల్సిన చోట నిలవని బోటు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు రబ్బరు బోట్లు వీధుల్లోకి వెళ్లి జనాన్ని ఎక్కించుకొచ్చాయి. అలాంటి చోట బోటుకు వేగంతో పెద్దగా పనిలేదు. కరెంటు స్తంభాలు, ప్రహరీలు, నీళ్ల అడుగున కనపడని కార్ల మధ్య మెల్లగా కదలాలి. మేడ మీది నుంచి పసిబిడ్డను అందుకునేంతసేపు గోడ పక్కనే నిలవాలి. అదంతా వెనక బిగించిన అవుట్‌బోర్డ్ ఇంజిన్ ఐడ్లింగ్ మీద, అంటే థ్రాటిల్ ఇవ్వనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం మీద ఆధారపడి ఉంటుంది. బోటు కొనేటప్పుడు ఎన్ని హార్స్‌పవర్ అని అడిగేవాళ్లే గానీ, ఐడ్లింగ్ సంగతి అడిగేవాళ్లు అరుదు.

మోడల్‌ను బట్టి ఈ ఐడ్లింగ్ నిమిషానికి ఇంచుమించు 600 నుంచి 1000 చుట్ల దాకా ఉంటుంది. కచ్చితమైన అంకె ఇంజిన్ మాన్యువల్‌లో దొరుకుతుంది. అది 1500 దాటిందంటే గేరు వేయగానే బోటు ముందుకు దూకుతుంది, నిలబడ్డవాళ్లు తూలిపడతారు. లోపల గేర్లను కలిపే డాగ్ క్లచ్ పళ్లు ఢీకొని అరిగిపోతాయి. ప్రొపెల్లర్ దగ్గర నీళ్లలో మనిషి ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

చాలాచోట్ల దీనికి చేసే వైద్యం ఒక్కటే: ఐడిల్ స్క్రూ తిప్పి చుట్లు తగ్గించడం. నిజానికి అది అన్నీ చూశాక చేయాల్సిన పని.

చల్లగా ఉన్న ఇంజిన్ కాసేపు వడిగా తిరగడం మామూలే. వేడెక్కాక కూడా దిగకపోతేనే అనుమానించాలి. మొదట థ్రాటిల్ కేబుల్‌ను ఇంజిన్ దగ్గర విప్పి చూడాలి. అప్పుడు చుట్లు పడిపోతే తప్పు కేబుల్‌ది. తుప్పు పట్టి వెనక్కి రావడం లేదన్నమాట.

కేబుల్ బాగుంటే గాలి లీకు వెతకాలి. కార్బొరేటర్ కింది గాస్కెట్, ఇన్‌టేక్ మానిఫోల్డ్ అతుకు, టూ స్ట్రోక్ అయితే క్రాంక్ షాఫ్ట్ సీళ్లు: వీటిలో ఏది చెడినా లెక్కకు మించిన గాలి లోపలికి పోయి మిశ్రమం పలచనవుతుంది. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి నడిపే టూ స్ట్రోక్‌లో పెట్రోల్ తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే. స్క్రూ తిప్పి చప్పుడు తగ్గించినా పిస్టన్ పట్టేసే ప్రమాదం అలాగే ఉంటుంది. తిరుగుతున్న ఇంజిన్ మీద పెట్రోల్ చల్లి లీకు పసిగట్టే అలవాటు కొందరికి ఉంది. నిప్పుతో చెలగాటమది, మానుకోవాలి.

ఇంకో కారణం పాత మరమ్మతే. వరదల్లేని నెలలన్నీ బోటు షెడ్డులో పడి ఉంటుంది. కార్బొరేటర్‌లో మిగిలిన పెట్రోల్ జిగురుగా మారి సన్నటి జెట్‌ను మూసేస్తుంది. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఉండే ఇథనాల్ తేమను కూడా లాక్కుంటుంది. ఇంజిన్ మాటిమాటికీ ఆగిపోతుంటే ఎవరో స్క్రూ తిప్పి చుట్లు పెంచుతారు. తర్వాత ఇంకెవరో జెట్ శుభ్రం చేస్తారు, స్క్రూను మాత్రం ముట్టుకోరు. అంతే, ఐడ్లింగ్ ఎక్కడికో పోతుంది. మరమ్మతు రాసిపెట్టే పుస్తకం ఒకటి ఉంటే చిక్కు అక్కడే తెలిసిపోయేది.

పరీక్ష జరిగే తీరు కూడా మారాలి. స్టాండు మీద పైపుతో నీళ్లు పెట్టి నడిపితే ప్రొపెల్లర్‌కు నీటి బరువు తగలదు కాబట్టి చుట్లు ఎక్కువే కనిపిస్తాయి. అక్కడ తగ్గించి సరిచేసిన ఇంజిన్, నదిలో గేరు వేయగానే ఆగిపోవచ్చు. బోటును గట్టుకు గట్టిగా కట్టి, నీళ్లలో, గేరులో ఉంచి మీటరుతో చూస్తేనే అసలు లెక్క తేలుతుంది.

వానాకాలం ముందు బోట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించే కలెక్టర్లు, ఈసారి ప్రతి బోటునూ నీళ్లలో దింపించి ఐడ్లింగ్ ఎంతో కూడా రాయించాలి. ఆ పని జూన్ రాకముందే పూర్తి కావాలి.