ఆడపిల్లకు లెక్కలెందుకంటారా?

పదో తరగతి ఫలితాలు వెలువడి, జూనియర్ కళాశాలల్లో దరఖాస్తులు పుచ్చుకొనే రోజులు వచ్చాయంటే పల్లెల్లో ఏటా ఒకే తంతు. కొడుక్కు అత్తెసరు మార్కులు వచ్చినా ఎం.పి.సి.లో చేర్చడానికి పట్నం కాలేజీల చుట్టూ తిరిగే తండ్రి, కూతురికి లెక్కల్లో నూటికి 90 వచ్చినా "దానికెందుకండీ ఆ లెక్కలు, ఏదో ఒక గ్రూపులో చేర్పిస్తే సరి" అంటాడు. దగ్గరలో వున్న కళాశాలలో ఏ గ్రూపులో సీటు మిగిలితే అదే ఆ పిల్ల చదువు. దరఖాస్తు నింపేటప్పుడు నీకేది ఇష్టమని ఆ పిల్లను అడిగేవారు తక్కువ.

ఆడవారికి లెక్కలు అబ్బవన్న మాట ఎక్కడ పుట్టిందో గాని, పల్లెలో అది నిలిచే మాట కాదు. పొదుపు సంఘం పుస్తకాలు రాస్తున్నది ఆడవారే. ఒక్కొక్క సభ్యురాలి పొదుపు ఎంత, బ్యాంకు అప్పులో అసలెంత, వడ్డీ ఎంత, ఈ నెల కట్టవలసిన కిస్తు ఎంత అన్నది పైసా తేడా రాకుండా తేలుస్తున్నారు. నాట్ల కూలి డబ్బు చేతికందిన సాయంత్రం గట్టు మీదనే ఎవరి వంతు వారికి పంచేదీ వారే. కాగితం, కలం కూడా అడగరు. ఇక బడి సంగతి చూస్తే, రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఇటీవలి సంవత్సరాల పదో తరగతి ఫలితాల్లో ఉత్తీర్ణత శాతం బాలికలదే ఎక్కువ. మరి లోపం ఎక్కడున్నట్టు?

దళిత, గిరిజన కుటుంబాల పిల్లల పరిస్థితి మరీ విచారకరం. చాలా ఇళ్లలో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ పిల్లే. ఏ గ్రూపు చదివితే ఏ దారి తెరుచుకుంటుందో ఇంట్లో చెప్పగలవారుండరు. చెప్పవలసిన మాస్టారే "నీకు లెక్కలు కష్టమమ్మా, సులువైనది తీసుకో" అంటే ఆ పిల్ల ఎదురు చెప్పగలదా? ఆయన ఆ మాట దయతోనే అని వుండవచ్చు. కాని ఇంటర్‌లో లెక్కలు వదిలిన పిల్లకు ఇంజనీరింగు దారి చాలావరకు అక్కడితో మూసుకుపోతుంది.

అమెరికాలో నల్లజాతి ఆడపిల్లలకు ఇంతకంటె గట్టి గోడలే అడ్డుండేవి. కేథరిన్ జాన్సన్ 1918లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో పుట్టింది. అక్కడ నల్లవారి పిల్లలకు ఎనిమిదో తరగతితో చదువు ఆఖరు. తండ్రి కలప పని, సేద్యం చేసుకొనే మనిషి. నల్లపిల్లలకు హైస్కూలున్న దూరపు ఊళ్లో ఆయన ఇల్లు తీసుకొని, బడి నడిచే నెలల్లో భార్యాబిడ్డలను అక్కడ వుంచి, తాను సొంత ఊళ్లో పని చేసుకొనేవాడు. కాలేజీలో క్లేటర్ అనే నల్లజాతి ప్రొఫెసరు ఆ పిల్ల తెలివి గమనించి, ఆమె కోసమే ఒక ప్రత్యేక గణిత పాఠం ఏర్పాటు చేశాడు. 1937లో, 18 ఏళ్లకే ఆమె పట్టా పుచ్చుకున్నది. 1953లో విమాన పరిశోధన కేంద్రంలో లెక్కలు కట్టే ఉద్యోగంలో చేరింది. తరువాత నాసాగా మారిన సంస్థ అదే. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగి రావడానికి బయలుదేరే ముందు, కంప్యూటరు కట్టిన లెక్కలను ఆమె చేత మరోసారి కట్టించమని అడిగాడు. ఆమె సరిపోయిందన్నాకే రాకెట్టు ఎక్కాడు.

ఇంటి పట్టున ఒంటరిగా వుండి వండుకు తిన్న ఆ తండ్రి లాంటివారు పల్లెల్లో లేకపోలేదు. కొడుకు చదువుకు ఎకరం అమ్మినవారు ఊరికి నలుగురున్నారు. ఆ పట్టుదలలో కొంత కూతురి వైపు మళ్లాలి.

చిత్తూరు జిల్లాకు చెందిన కల్పన, 2023 ఆగస్టు 23న చంద్రుడిపై దిగిన చంద్రయాన్-3కు అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టరు. అందరూ చంద్రుడి దాకా పోనక్కరలేదు. మండలంలో భూమి కొలిచే సర్వేయరు, కరెంటు ఆఫీసులో ఇంజనీరు, ఊరి బడిలో లెక్కల టీచరు అయినా చాలు. వీటన్నిటికీ కావలసింది ఆ లెక్కలే.

అవకాశాలు లేవనడానికి లేదు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలలో పదో తరగతి మార్కులతోనే సీటిస్తారు. చదువు ఆరేళ్లు, వసతి అక్కడే. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరవచ్చు. సాంకేతిక విద్యలో చేరిన బాలికలకు కేంద్రం ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్పు ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షలకు మించకూడదు, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు. ఈ వివరాలు పల్లెకు చేరకపోవడమే చిక్కు. ప్రధానోపాధ్యాయులు ఫలితాలు వచ్చిన వారంలోనే తల్లిదండ్రులను పిలిచి చెప్పాలి. ముఖ్యంగా తల్లులను పిలవాలి. బడిలో సైన్సు సామాను బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటు కూడా మానాలి. గాజు సీసా పగిలితే జవాబుదారీ ఎవరన్న భయంతో, పరీక్షనాళిక చేత్తో పట్టుకోకుండానే పిల్లలు పదో తరగతి దాటుతున్నారు.

మరొక సంగతి. ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు అక్కరలేదని తెలంగాణలో 2023లో, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో నిర్ణయించారు. మంచిదే. అయితే ప్రాక్టికల్స్ ముగించుకొని పిల్లలు రోడ్డెక్కేసరికి ఊరి బస్సు వెళ్లిపోతే ఆ సౌకర్యం ఏ పాటిది? చీకటి పడ్డాక కూతురు ఆటో కోసం రోడ్డు మీద నిలబడుతుందన్న బెంగతోనే చాలామంది తల్లులు సైన్సు గ్రూపు వద్దంటున్నారు. కళాశాలలు తెరిచేలోగా డిపో మేనేజర్లు ప్రిన్సిపాళ్లతో మాట్లాడి, సాయంత్రం బస్సును అరగంట వెనక్కు జరపగలరేమో చూడాలి.