రిపోర్టు నార్మల్, నొప్పి నిజం

హైదరాబాద్ పాతబస్తీ బహదూర్‌పురాలో ఆటో తోలే మనిషికి అర్ధరాత్రి గుండె దడదడలాడి, వేళ్లు తిమ్మిరెక్కి, ఊపిరి అందకపోతే ఇంటివాళ్లు ఉస్మానియా ఆసుపత్రికి పరుగెత్తిస్తారు. పరుగెత్తించాలి కూడా. ఛాతీలో నొప్పి అన్నాక ముందు ఈసీజీ తీయాల్సిందే, టెన్షనేలే అని ఇంట్లోనే తేల్చేయకూడదు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఈసీజీ బాగుంది, రక్తపరీక్ష బాగుంది, ఏం లేదు పొమ్మంటారు. ఇంట్లోనేమో "ఊకె పరేషాన్ చేస్తున్నవ్" అంటారు. నెల తిరక్కుండా మళ్లీ దడ. ఈసారి ఇంకో క్లినిక్కు, ఇంకో స్కానింగుకు, చేబదులు తెచ్చి మరీ.

ఏమీ లేకపోవడమేమిటి? ఫైనాన్సు కిస్తీ గుబులు పుట్టిస్తే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. కంగారులో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరి అందుకే. మెడ కండరాలు రోజంతా బిగుసుకుంటే తలనొప్పి వస్తుంది. గ్యాస్ అని ఏళ్ల తరబడి మాత్రలు మింగే కడుపుమంటలోనూ దిగులు వాటా ఉండొచ్చు. ఇందులో నటన ఎక్కడుంది?

మనసు బాధ ఒంట్లో బయటపడుతుందన్నది పాతబస్తీకి కొత్త సంగతేం కాదు. చార్మినార్ పక్కనున్న నిజామియా దవాఖానాలో సాగే యునానీ వైద్యం గాలి, ఆహారం, నిద్రలతో పాటు మనసు కదలికలనూ ఆరోగ్యానికి తప్పనిసరైన ఆరింటిలో లెక్కిస్తుంది. ప్రేమతో చిక్కిపోయిన రోగి నాడి పట్టుకుని, ఒక్కో పేరూ పలుకుతూ, ఏ పేరుకు నాడి అదిరిందో గమనించమని వైద్యుడు ఇబ్న్ సీనా వెయ్యేళ్ల నాడే రాశాడు. అమెరికా మనోవైద్యుల సంఘం కూడా మానసిక రుగ్మతలను గుర్తించేందుకు తెచ్చిన 2013 నాటి డీఎస్ఎం-5 పుస్తకంలో ఒక పాత షరతును వదిలేసింది: లక్షణానికి శరీరంలో కారణం దొరక్కపోతేనే ఒంటి లక్షణాలతో బయటపడే మానసిక బాధగా గుర్తించాలన్న షరతు. షుగర్ ఉన్నవారికీ ఈ బాధ ఉండొచ్చు. ఒకటి ఉందని రెండోది లేదనలేం.

డాక్టరు మరో రెండు నిమిషాలు కేటాయించి, ఇది ఎందుకు వస్తోందో, ఎలా తగ్గుతుందో చెబితే సగం భయం అక్కడే దిగుతుంది. నిద్ర పడుతోందా, అప్పులున్నాయా అని అడిగితే మరీ మంచిది. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. కానీ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితేనే పెళ్లి సంబంధాలు చెడతాయని జంకే ఇళ్లు ఇక్కడ ఎన్నో. అందుకే బస్తీ దవాఖానాలోనే, బీపీ చూసే బల్ల పక్కనే, తెలుగూ ఉర్దూ రెండూ వచ్చిన కౌన్సెలర్‌ను వారానికి ఒక పూటైనా ప్రభుత్వం కూర్చోబెట్టాలి.