కచేరీ అయ్యాక ఒక్క పది నిమిషాలు ఆగండి



ఈ నెల మిమ్మల్ని ఒక పని అడగబోతున్నాను. దీనికి ఫీజు లేదు, యూనిఫాం అక్కర్లేదు, ప్రాజెక్టు షీటు అసలే లేదు. ఈ సీజన్‌లో మీ అబ్బాయినో అమ్మాయినో ఒక్క సంగీత కచేరీకి తీసుకెళ్లండి. కచేరీ అయిపోగానే బండి తాళాలు పట్టుకుని గేటు వైపు పరుగెత్తకుండా పది నిమిషాలు ఆగి, పాడినవాళ్లతోనో వాయించినవాళ్లతోనో పిల్లల్ని మాట్లాడనివ్వండి. మాట్లాడాల్సింది పిల్లలు, మీరు కాదు.

"యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదండీ" అని మొన్న పీటీఎంలో ఒక నాన్నగారు అన్నారు. నిజమే, కచేరీలూ ఉన్నాయి, కళాకారుల ఇంటర్వ్యూలూ ఉన్నాయి. కానీ ఆ ఇంటర్వ్యూలు నాలుగు చూస్తే ఐదోది చూడనక్కర్లేదు. మీ గురువుగారెవరు, రోజుకు ఎన్ని గంటలు సాధన చేస్తారు, మీకు స్ఫూర్తి ఎవరు, యువతకు మీ సందేశం ఏమిటి. సందేశం అడిగితే పాపం వాళ్లు మాత్రం ఏం చెప్తారు? కష్టపడమంటారు. పిల్లలు అలా అడగరు, కంటికి కనబడినదాన్ని అడుగుతారు.

ఒక సభలో ఇలాగే జరిగింది. కచేరీ అయ్యాక మృదంగ విద్వాంసులు సామాను సర్దుకుంటూ, మృదంగం ఎడమవైపు అంటించిన ముద్దను గీకుతున్నారు. ఆరో తరగతి పాప ఒకమ్మాయి దగ్గరకెళ్లి, "తాతగారూ, దానికి ఉప్మా ఎందుకు పెట్టారు?" అని అడిగింది. వాళ్లమ్మ సిగ్గుపడి చెయ్యి పట్టుకు లాగబోయింది. ఆయన మాత్రం నవ్వి, సర్దడం ఆపేసి కూర్చున్నారు. తడిపిన రవ్వే అది, ఉప్మాకు అట్టే దూరం లేదన్నారు. ఆ బరువు ఉంటేనే ఎడమవైపు చర్మం నుంచి ఆ గంభీరమైన నాదం వస్తుందని, కుడివైపు నల్లటి మచ్చ శాశ్వతంగా ఉంటుంది గానీ ఇది మాత్రం కచేరీకి కచేరీకి కొత్తగా పెట్టుకోవాలని చెప్పారు. మరి మధ్యలో ఎండిపోతే? ఏసీ హాల్లో అదే తలనొప్పి, తడి చేసుకుంటూ ఉండాలి. ఇంకెక్కువ పెడితే? ఆయన నిజంగానే ఇంకొంచెం అంటించి, వాయించి వినిపించారు. పాప తనే చెప్పింది: "బరువైతే గొంతు లావైపోతోంది." బడిలో ధ్వని పాఠం ఆ పాపకు ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది.

సైన్సు మార్కుల కోసం సంగీతం వినిపించండి అని నేననడం లేదు. అలా చెబితే మీరు వెంటనే ఒప్పుకుంటారని తెలుసు, అందుకే అనడం లేదు. ఆ పాపకు ఆ సాయంత్రం ఒక పెద్ద విద్వాంసుడు తన పని గురించి, తనతో సమానమైన మనిషికి చెప్పినట్టు చెప్పారు. మన పిల్లలకు పెద్దవాళ్లు పాఠం చెప్తారు, జాగ్రత్తలు చెప్తారు, ర్యాంకు అడుగుతారు. తమ పని గురించి ఎంతమంది చెప్తారు?

పైగా కచేరీ అనేది రికార్డింగులో దొరికే వస్తువు కాదు. కర్ణాటక కచేరీలో పాడేవారు, వయొలిన్, మృదంగం, ఘటం తరచూ రిహార్సల్ లేకుండానే వేదిక ఎక్కుతారు. రాగాలాపన ఎటు పోతుందో వయొలిన్ వాయించేవారికి ముందుగా తెలియదు. విన్న మరుక్షణం అందుకోవాలి. కల్పనస్వరాలు అప్పటికప్పుడు కట్టేవే. ఇక ముక్తాయి సంగతి: ఆది తాళంలో ఒక ఆవర్తానికి 8 అక్షరాలు, అక్షరానికి 4 మాత్రలేసుకుంటే మొత్తం 32. ఒకే జతిని మూడుసార్లు వాయించి, మధ్యలో రెండుచోట్ల ఆగి, సరిగ్గా తాళం మొదటి దెబ్బకు వచ్చి పడాలి. 8 మాత్రల జతి మూడుసార్లు, 4 మాత్రల చొప్పున రెండు విరామాలు వేస్తే 32. పది మాత్రల జతి అయితే విరామం ఒక్కో మాత్రే. ఇంకేమేం కుదురుతాయో ఇంటికెళ్లే దారిలో మీవాణ్ని అడగండి, లెక్క దానంతటదే నడుస్తుంది. విద్వాంసులు మాత్రం దీన్ని వేలితో కూడా లెక్కపెట్టుకోకుండా, వందలమంది ఎదుట, వేగంగా వాయిస్తారు.

అందుకే పిల్లలు అడగదగ్గ ప్రశ్నల్లో నాకు బాగా ఇష్టమైనది ఒకటుంది: "ఇవాళ ఎక్కడైనా తప్పిందా అండీ?" పెద్దలు అడిగితే మర్యాద కాదు. పిల్లలు అడిగితే కళాకారులు దాదాపు ఎప్పుడూ నిజమే చెప్తారు, అదీ ఉత్సాహంగా. తీగ తెగింది, గొంతు పట్టేసింది, మైకు గీపెట్టింది, పాట మధ్యలో చరణం మర్చిపోతే పక్కన కూర్చున్న శిష్యురాలు అందించింది. నెగెటివ్ మార్కుల మధ్య పెరుగుతున్న పిల్లలు ఈ మాటలు ఎలా వింటారో ఒక్కసారి వాళ్ల ముఖాలు చూడండి.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన మాట. మన పిల్లల్లో సంగీతం నేర్చుకునేవాళ్లు తక్కువేం కాదు. ఏడో తరగతి దాకా వీణో, కీబోర్డో, గాత్రమో సాగుతుంది. ఎనిమిదిలో ఫౌండేషన్ బ్యాచ్ మొదలవగానే ఆగిపోతుంది. "ఇంటర్ అయ్యాక మళ్లీ మొదలుపెట్టిద్దాం లెండి" అంటారు. మళ్లీ మొదలుపెట్టినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. తప్పు మీదొక్కరిదే కాదు. పరీక్షలు దగ్గరపడితే మన టైంటేబుల్లో మొదట ఎగిరిపోయేది మ్యూజిక్ పీరియడే. ఈ వాక్యాన్ని ఎడిటర్‌గారు ఉంచుతారనే నమ్మకంతో రాస్తున్నాను.

ఐఐటీ పేరు చెప్పి సంగీతం మాన్పించేవారికి ఒక మనిషి గురించి చెప్పాలి. కిరణ్ సేఠ్ గారు ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివారు, అమెరికాలో పీహెచ్‌డీ చేశారు, ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. అమెరికాలో ఉన్నప్పుడు విన్న ఒక ధ్రుపద్ కచేరీ ఆయన్ని పట్టుకుంది. 1977లో స్పిక్‌మెకే సంస్థను మొదలుపెట్టారు. దాని పద్ధతి చాలా సింపుల్: పేరున్న కళాకారులను బడులకు, కాలేజీలకు తీసుకొస్తారు. వాళ్లు పాడి, వాయించి, అదేమిటో విడమరిచి చెప్పి, పిల్లల ప్రశ్నలకు జవాబులిస్తారు. నేను పది నిమిషాలు అడుగుతున్నదాన్ని ఆయన ఉద్యమంగా నడిపించారు. మన ప్రతి బ్రాంచిలో ఏడాదికి ఒక్కసారైనా ఇలాంటి కార్యక్రమం పెట్టమని మీరు ప్రిన్సిపాల్‌ను అడగాలి. మేము అడిగితే ఒక లెక్క, మీరడిగితే ఇంకో లెక్క.

తెలుగు పిల్లలకు ఇందులో ఒక సౌకర్యం కూడా ఉంది. చెన్నైలో డిసెంబరు సీజన్‌లో వినిపించే కీర్తనల్లో త్యాగరాజస్వామివి బోలెడు. వాటి భాష మనదే. తెలుగు మాతృభాష కాని గాయనిని మన పాప "ఆ మాటకు అర్థం మీకెవరు చెప్పారండీ?" అని అడిగితే, దాని వెనక ఎంత కృషి ఉందో బయటపడుతుంది. అర్థం పాపకే తెలియకపోతే అదీ బయటపడుతుంది, మంచిదే.

శాస్త్రీయ సంగీతమే కావాలని లేదు. 12 మెట్ల కిన్నెర వాయించే మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చాకే ఆ వాద్యం పేరు మనలో చాలామందికి తెలిసింది. మీ బంధువుల పెళ్లిలో సన్నాయి, డోలు వాయించేవాళ్లు ఉంటారు. వాళ్లతో మనం మాట్లాడే మాట "గట్టిమేళం" ఒక్కటే. వాళ్ల భోజనాలయ్యాక పిల్లల్ని పంపండి. ఊదే చోట ఉన్న ఆ చిన్న ముక్క దేంతో చేస్తారో, అంతసేపు ఊపిరి ఎలా ఆపుతారో అడగనివ్వండి. వాద్యాలు తయారుచేసేవాళ్లు మరీ మరుగున ఉంటారు. గాయకుడు టి.ఎం.కృష్ణ మృదంగం తయారుచేసే కుటుంబాలతో మాట్లాడి 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకమే రాశారు.

చిన్న జాగ్రత్తలు కొన్ని. కళాకారులు మంచినీళ్లు తాగేదాకా ఆగండి. సెల్ఫీ చివర్లో. పాడినవారి చుట్టూ జనం మూగితే పక్కవాద్యాలవారి దగ్గరకెళ్లండి, వాళ్లు ఇంకా బాగా మాట్లాడతారు. పిల్ల తెలుగులో అడుగుతుంటే ఇంగ్లిష్‌లో అడగమని మోచేత్తో పొడవకండి. "మా పాప కూడా పాడుతుంది, ఒక్కటి వింటారా" అనే మాట మాత్రం దయచేసి వద్దు.

పుష్య బహుళ పంచమి దగ్గరపడుతోంది. తిరువయ్యారులోనే కాదు, మన ఊళ్లలోనూ చాలాచోట్ల త్యాగరాజ ఆరాధన చేస్తారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోని పంచరత్నాలను అందరూ కలిసి పాడతారు. చాలాచోట్ల టికెట్టు ఉండదు. కాస్త ముందుగా వెళ్లి, మృదంగం వాయించే చేతులు కనబడేచోట కూర్చోండి. మామూలు కచేరీకి వెళ్తే మాత్రం, తని ఆవర్తనం మొదలవగానే పిల్లల్ని తీసుకుని క్యాంటీన్‌కు లేవకండి.