కంప్యూటర్ కబుర్లు: తప్పు కంపైలర్‌దేనా?

పండగ పూట ఈ గోలేమిటని విసుక్కోకండి. మన పిల్లల్లో కంప్యూటర్ సైన్స్‌లో చేరినవాళ్లు ఎక్కువయ్యారు, నాకు ఫోన్లూ ఎక్కువయ్యాయి. అందరిదీ ఒకటే ఫిర్యాదు: "అంకుల్, సి ప్రోగ్రాం మామూలుగా బాగానే నడుస్తోంది. ఆప్టిమైజేషన్ పెడితే పిచ్చి జవాబులిస్తోంది. కంపైలర్ చెడిపోయిందా?"

కంపైలర్లు తప్పు చేయవని కాదు. యూటా విశ్వవిద్యాలయం వారు సీస్మిత్ అనే సాధనంతో అడ్డదిడ్డమైన ప్రోగ్రాములు పుట్టించి కంపైలర్ల మీదికి వదిలితే 325కి పైగా కొత్త లోపాలు బయటపడ్డాయని 2011లో ప్రకటించారు. అయినా నేను చూసినంతలో దొంగ చాలాసార్లు ప్రోగ్రాములోనే దొరికాడు.

ఉదాహరణకి, 32 బిట్ల ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 214,74,83,647. దానికి ఒకటి కలిపితే ఏమవుతుందో సి భాష ప్రమాణం చెప్పదు. మనవాళ్లేమో "కలిపాక తగ్గిందంటే హద్దు దాటినట్టే" అని ఒక తనిఖీ రాస్తారు. హద్దు దాటకుండా చూసుకునే పూచీ ప్రోగ్రామర్‌దే గనక, కలిపితే తగ్గడమన్నది ఉండదని కంపైలర్ ఆ తనిఖీనే ఎత్తేస్తుంది! నాకిది సగం న్యాయం, సగం దౌర్జన్యంలా కనిపిస్తుంది. కానీ లూపులు వేగంగా నడిచేది ఇలాంటి ధైర్యం వల్లే మరి. కలపకముందే హద్దుతో పోల్చుకుంటే ఏ గొడవా ఉండదు.

ఇది పిల్లల హోంవర్కు బాధే అనుకోకండి. 2009లో లినక్స్ కెర్నెల్‌లోని టన్ డ్రైవర్‌లో ఒక పాయింటర్‌ను ముందు వాడేసి, ఆ తర్వాత అది నల్ అవునా కాదా అని చూశారు. ఇంట్లోకి వచ్చేశాక తలుపు తాళం వేసి ఉందా అని అడిగినట్టు! "వాడేశారు గనక నల్ కాదు" అని జిసిసి ఆ తనిఖీని కొట్టేసింది. దాంతో మామూలు యూజరు యంత్రాన్నంతా చేజిక్కించుకునే సందు ఏర్పడింది. ఆ తర్వాత కెర్నెల్ వాళ్లు, అలాంటి తనిఖీలు తీసేయవద్దనే ఆప్షన్ పెట్టి కంపైల్ చేయసాగారు.

ఆప్టిమైజేషన్ ఆపేసి ఊరుకోవడం నాకు నచ్చదు. అది జ్వరానికి థర్మామీటర్ దాచేయడం. ముందు హెచ్చరికలన్నీ ఆన్ చేయండి. జిసిసి, క్లాంగ్ రెండింటిలోనూ ఉన్న అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్‌తో నడిపి చూడండి, చాలావరకు ఏ పంక్తిలో హద్దు దాటిందో అదే చెబుతుంది. అప్పటికీ తేలకపోతే ప్రోగ్రాంలో సగం కోసేయండి. తప్పు ఇంకా ఉంటే మిగిలినదాంట్లో మళ్లీ సగం. పోతే, కోసిన సగం వెనక్కి తెచ్చి ఇంకోచోట కోయండి. పది పంక్తులకు దిగాక, మీ కోడ్‌లో ప్రమాణానికి విరుద్ధమైనదేదీ లేదని గట్టిగా తేలితే, ఆ పది పంక్తులూ, కంపైలర్ వెర్షన్, ఇచ్చిన ఆప్షన్లూ జతచేసి కంపైలర్ తయారుచేసేవారికే రాయండి.