పాత కంప్యూటరును తూకమునకు వేయుటకు ముందు

గడచిన మాసమున ఒక సోదరి మాకు జాబు వ్రాయుచు ఇట్లడిగినది: "మా యింట ఎనిమిదేండ్లనాటి కంప్యూటరు కలదు. మా అబ్బాయి అది పనికిరాదనియు, క్రొత్తది కొనవలయుననియు పట్టుబట్టుచున్నాడు. పాతసామానులవాడు మున్నూఱు రూపాయలిత్తు ననుచున్నాడు. ఇచ్చివేయుదునా?" ప్రశ్న చిన్నదే. కాని ప్రత్యుత్తరము వ్రాయబూనగా మా కాగితము నిండినది. కావున ఈ మాసపు పుట దానికే వినియోగించుచున్నాము.

మొదట ఆ మున్నూఱు రూపాయల సంగతి. వీధిలో అమ్మిన యంత్రము చేతులు మాఱి మాఱి తఱచుగా ఢిల్లీలోని సీలంపూరు వంటి చోట్లకు చేరును. అచ్చట ఇఱుకు గదులలో దానిని సుత్తెలతో విడదీయుదురు. రాగికొఱకు తీగల పైతొడుగులను కాల్చుదురు. బంగారపు పొరకొఱకు లోపలి పలకలను ఆమ్లములలో ముంచుదురు. ఇత్తడి పాత్రలకు పేరొందిన మొరాదాబాదునందును ఇదియే వృత్తియై, రామగంగా తీరమున ఆ పలకల బూడిద పేరుకొన్నది. పాత పలకల అతుకులలోను, వెనుకటి లావుపాటి తెరల గాజులోను సీసమున్నది. అది తల్లినుండి గర్భస్థ శిశువునకు చేరును. పసివారి మెదడు ఎదుగుదలను చెఱచును. చెత్త నేఱి బ్రదుకు అనధికార వృత్తులలో 1 కోటి 29 లక్షలమంది వఱకు స్త్రీలు ఉన్నారనియు, వారికి ఈ విషముల భయము కలదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించినది. పిల్లలను గూడ ఈ పనిలో పెట్టుదురు. వారి వ్రేళ్లు సన్ననివి గదా!

యంత్రము అంత్యము ఇట్లుండగా జన్మ మెట్లున్నదని చూచితిమి. చెన్నపట్టణమునకు చేరువనున్న శ్రీపెరుంబుదూరున తైవాను దేశపు ఫాక్స్‌కాన్ సంస్థవారి కర్మాగారమున ఆపిల్ సంస్థకై ఫోనులు కూర్చుదురు. కంప్యూటర్లను కూర్చు పెద్ద సంస్థలలోను ఫాక్స్‌కాన్ ఒకటి. శ్రీపెరుంబుదూరు పనివారిలో పెక్కుమంది పల్లెలనుండి వచ్చిన యువతులు. 2021 డిసెంబరులో వసతిగృహపు భోజనము తిని 250 మందికి పైగా జబ్బుపడిరి. 150 మందికి మించి ఆసుపత్రి పాలైరి. తోడి యువతులు చెన్నై–బెంగుళూరు రాజమార్గముపై కూర్చుండి రాకపోకలను నిలిపివేసిరి. కర్మాగారము మూతపడి 2022 జనవరిలో మరల తెఱవబడినది. వసతిగృహములలో కొన్నియు, భోజనశాలలును తమ నియమములకు తగినట్లు లేవని ఆపిల్‌వారే ఒప్పుకొని, కర్మాగారమును పరిశీలనలో నుంచిరి. నియమములు పూర్వమునుండి కాగితముపై నున్నవే. ఆడపిల్లలు రోడ్డెక్కువఱకు అవి వంటింటి గడప దాటి లోనికి పోలేదు.

మఱియొకటి. పెండ్లియైన స్త్రీలను అచ్చటి ఐఫోను పనులలోనికి తీసికొనక త్రోసిపుచ్చుచున్నారని 2024 జూనులో రాయిటర్స్ వార్తాసంస్థ వెల్లడించినది. సంస్థవారు వివక్ష లేదనిరి. కేంద్ర కార్మికశాఖ తమిళనాడు ప్రభుత్వమును నివేదిక కోరినది. మెడలో మంగళసూత్రము పడినంతనే వ్రేళ్ల నేర్పు తఱిగిపోవునా యని మా కాశ్చర్యము కలిగినది.

బాధ్యత యెవరిదని యడిగినచో, చట్టము తయారుచేసినవారిదే యనుచున్నది. 2022 నవంబరులో ప్రకటింపబడి 2023 ఏప్రిలు 1నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము, కంపెనీలు తాము అమ్మిన సరకునకు లెక్కగట్టి కొంత భాగమును శుద్ధిచేయింపవలయును. 2025–26కు ఆ భాగము నూటికి 70, 2027–28నుండి 80. యంత్రమును బాగుచేసి మరల వాడుకలోనికి తెచ్చినచో ఆ బాధ్యతకు గడువు పెరుగును. విడదీయు కూలీలను గుర్తించి నమోదుచేసి, వారి ఆరోగ్యమును కనిపెట్టు భారము రాష్ట్ర కార్మికశాఖపై నున్నది. మాకు తోచిన లోప మొకటి: కంపెనీలు శుద్ధిచేయువారినుండి ధ్రువపత్రములు కొని లెక్క ముగింపవచ్చును. సీలంపూరు గదిలోని పొగ ఆ పత్రమున కనబడదు. 2022లో లోకమంతట పోగైన ఇట్టి చెత్త 6.2 కోట్ల టన్నులు. సరియైన దారిని పోయినది నూటికి 22 పాళ్లే.

ఇక సోదరికి మా ప్రత్యుత్తరము. అబ్బాయి మాటలో కొంత నిజ మున్నది. విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రములు పెక్కు క్రొత్త విండోసునకు ఒదుగవు. కాని లినక్సు ఉచితముగా లభించును. ఇంటి లెక్కలకు, ఉత్తరములకు, పిల్లల పాఠములకు అది చాలును. తిరుగుడు డిస్కును తీసి ఎస్‌ఎస్‌డీని పెట్టించినచో, నిమిషములు పట్టు పని క్షణములలో జరుగును. బ్యాటరీ ఉబ్బియున్నచో మాత్రము దానిని పొడువరాదు, నొక్కరాదు. మరమ్మతు తెలిసినవానికే అప్పగింపవలయును. ఎవరికైన ఈయదలచినచో ఫొటోలను, బ్యాంకు కాగితములను డిస్కునుండి పూర్తిగా చెఱపించుడు. ఫైలును బుట్టలో వేసినంత మాత్రమున అది పోదు. నిజముగా చెడినదైనచో, అమ్మిన కంపెనీనే "వెనుకకు తీసికొందురా?" యని యడిగి, నమోదైన కేంద్రమునకు ఇచ్చి రసీదు పుచ్చుకొనుడు.

ఆమె మరల వ్రాసినది. డిస్కు మార్పించిరట. యంత్ర మిపుడు అబ్బాయి బల్లపై లేదు. ఆమె పద్దులు వ్రాసికొనుటకు వంటింటి ప్రక్కగదికి వచ్చినదట. అబ్బాయి క్రొత్తదానికై ఇంకను అలుగుచునే యున్నాడట. ఆ విషయమున మేము సలహా చెప్పజాలము.