ఊళ్లో లేనివాడికి ఊరి పేపర్లో సమన్లా?

దినపత్రిక జిల్లా పేజీలో ఓ మూల, చీమతలకాయంత అక్షరాల్లో వేస్తారు: ఫలానా తేదీ ఉదయం పదిన్నరకు నరసరావుపేట కోర్టులో హాజరు కావలెను, లేనిచో తమ పరోక్షంలో తీర్పు చెప్పబడును. ఆ 'తమరు' అప్పటికి హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. వెల్దుర్తి, బొల్లాపల్లి తండాల నుంచి పనికి పోయినవాళ్లు, పార్టీ గొడవలకు భయపడి రాత్రికి రాత్రి ఊరొదిలినవాళ్లు, వీళ్లలో ఎవరు పల్నాడు పేజీ తెప్పించుకుని చదువుతారండీ?

చట్టం ఇంత తేలిగ్గా పేపర్‌కెక్కమనలేదు. ప్రతివాది సమన్లు తప్పించుకు తిరుగుతున్నాడనో, మామూలుగా అందించే వీలు లేదనో కోర్టుకు నమ్మకం కుదరాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డరు 20వ రూలు చెబుతోంది. 2018లో నీర్జా రియల్టర్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇది మినహాయింపు మాత్రమేనని, బుర్రపెట్టి ఆలోచించాకే ఉత్తర్వివ్వాలని చెప్పింది. మరి జరుగుతున్నదేమిటి? బంట్రోతు ఒకసారి వచ్చి 'ఇంటికి తాళం' అని రాసుకుపోతాడు. వాది అఫిడవిట్ వేస్తాడు. వాయిదా నాటికి పబ్లికేషన్ ఆర్డరు సిద్ధం!

భూమి దావాల్లో ఆ వాది ఎవరో పరాయివాడు కాదు, పాలివాడే. సంక్రాంతికి ఫోన్ చేసి పలకరించిన అన్నే 'తమ్ముడి ఆచూకీ తెలియదు' అని సంతకం పెడుతున్నాడు. ఊరందరికీ తెలిసిన ఆచూకీ ఒక్క కోర్టుకే తెలియదా?

తన చేలోకి వేరొకరి ట్రాక్టరు దిగిందని ఎవరో కబురు చెబితే గానీ, తన మీద ఎక్స్‌పార్టీ డిక్రీ ఉందని అతనికి తెలియదు. దాన్ని రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులు. పత్రికా ప్రకటనను సమన్లు సరిగ్గా అందినట్టుగా లెక్కించరాదని 1963 లిమిటేషన్ చట్టం 123వ అధికరణమే అంటోంది కాబట్టి, ఆ గడువు అతనికి తెలిసిన రోజు నుంచే. అంటే పేపర్ ప్రకటన మనిషికి చేరదని చట్టానికీ తెలుసు! అయినా కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, వకీలు ఫీజు అప్పు తెచ్చి 'నాకు తెలియదు' అని రుజువు చేసుకోవాల్సింది మాత్రం ఆ కూలివాడే. అబద్ధపు అఫిడవిట్ వేసినవాణ్ణి ఎవరూ నిలదీయరు.

2020 జూలైలో సుప్రీంకోర్టు వాట్సాప్‌లో కూడా సమన్లు పంపుకోనిచ్చింది. పబ్లికేషన్ ఆర్డరు మీద సంతకం పెట్టేముందు ఆ అన్నను బోనెక్కించి, 'నీ తమ్ముడి నంబరు నీ ఫోన్‌లో ఉందా? తియ్యి' అని అడగడానికి ఎంతసేపు పడుతుంది?